కారు తాగిన ఎర్రనీళ్ళు

మా ఆయన మద్రాసులో కొని తెచ్చుకున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇవాళ కూడా బ్రిడ్జి మీదే వేడెక్కింది. కొవ్వూరులో బయల్దేరి రాజమండ్రి చేరేలోగా ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటడం ఈ నెలలో ఇది నాలుగోసారి. ఇంజను పాడైతే ఇక అమ్మేయడమేనని ఆయన దిగులు పెట్టుకున్నారు.

రాజమండ్రిలో మెకానిక్ వీర్రాజు రేడియేటర్ అడుగున గొట్టం ఊడదీశాడు. నీళ్ళకి బదులు చిక్కటి ఎర్రమట్టి కారింది.

"ఇందులో ఏం నీళ్ళు పోస్తన్నారండి?"

"గోదారి నీళ్ళేనయ్యా. రోజూ పొద్దున్నే రేవులోంచి నేనే తెచ్చి పోస్తాను. అంతకన్నా మంచి నీళ్ళు ఎక్కడుంటాయి?" అన్నారు మా ఆయన గర్వంగా.

"వరద నీళ్ళు కదండి. ఇంత బురద పేరుకుపోతే ఇంజను చల్లారేదెలాగండి? ఇంట్లో మీరూ ఇవే తాగుతారేంటండి?"

ఆయన నా వైపు చూశారు. వరద రోజుల్లో నేను చిల్లగింజ అరగదీసి బిందెలో కలుపుతాను. మట్టి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళే తాగుతాం. అదే చెప్పాను. పన్నెండేళ్ళుగా ఆ పని ఇంట్లో జరుగుతోందని ఆయనకి ఇవాళే తెలిసినట్టుంది.

వీర్రాజు మట్టంతా కడిగి కొళాయి నీళ్ళు పోశాడు. తిరుగు ప్రయాణంలో ముల్లు సగం దగ్గరే నిలబడింది. ఆయన ఈల వేస్తూ నడిపారు. నాకూ హాయిగానే ఉంది.

ఇంటికి రాగానే ఆయనే చిల్లగింజ అడిగి తీసుకుని, సాన ముందు కూర్చుని అరగదీశారు. నేను పొంగిపోయాను. గంట తర్వాత ఆ తేరిన బిందె తిన్నగా కారు దగ్గరికి వెళ్ళింది.

మీ ఇళ్ళల్లో మొదటి బిందె ఎవరికండి?