పెద్ద గేరు మీద బొట్టు

మొన్న భూపాలపల్లిలో మా ఇంటి గేటుకు రంగు వేసినతను పని ముగించి, డబ్బాలో టర్పెంటైన్ పోసి కుంచెలు కడుగుతుంటే ఆ ఘాటు వంటింటి కిటికీ దాకా వచ్చింది. చపాతీ పిండి కలుపుతున్న చేయి గిన్నెలోనే ఆగిపోయింది. అది కిరోసిన్ వాసన కాదు, దానికి దగ్గరి చుట్టం మాత్రమే. అయినా పాలకుర్తిలో రోడ్డు పక్కన మా బాపు రేకుల షెడ్డు, నూనె తాగి నల్లబడిన నేల, నీలం కిరోసిన్ నిండిన వెడల్పాటి తట్ట, ఆ తట్టలో మోచేతుల దాకా చేతులు పెట్టి నట్లు కడుగుతున్న తొమ్మిదేళ్ల నేను, అన్నీ ఒక్కసారిగా వచ్చి నిలబడ్డాయి.

మా బాపు ట్రాక్టర్ మెకానిక్. సాంబన్న అంటే పాలకుర్తి నుంచి పెద్దవంగర దాకా ట్రాక్టరున్న ప్రతి ఇంటికీ తెలుసు. నాట్ల కాలంలో మా ఇంట్లో అన్నం పళ్లేల ముందు కూడా ఎవరో ఒకరు నిలబడి ఉండేవాళ్లు, బురదకాళ్లతో, దమ్ము చేసే బండి మడిలోనే ఆగిపోయిందని. వానలు వెనక్కి తగ్గి తంగేడు పూసే రోజుల్లోనే షెడ్డుకు కాస్త తీరిక. అప్పుడు నేను బడి నుంచి నేరుగా అక్కడికే పోయి, పాడైన బేరింగులు పగలగొట్టి బాపు దాచిపెట్టిన ఉక్కు గుండ్లతో గోళీలాట ఆడేదాన్ని. వాటికి ఎదురు తగిలితే గాజు గోళీలు పెళ్లుమని పగిలేవి కాబట్టి మా వాడలో పిల్లలు నాతో ఆడడమే మానేశారు. బాపుకు ఒక అలవాటు ఉండేది: ఇంజన్ విప్పి ఉన్నంతసేపు బీడీ ముట్టించడు, ఎవరితోనూ ముచ్చట పెట్టడు. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే గోనెపట్టా మీద పేర్చేవాడు. ఆ వరుసను దాటడానికి మా ఇంటి పిల్లి కూడా జంకేది.

అట్లాంటి తీరికలోనే ఒక ఏడాది ఆ ఎర్ర కారు వచ్చింది. మా ఊరి పటేల్ వాళ్ల అన్న వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఎవరో తెల్లదొర దగ్గర కొన్న కారట. పైకప్పు లేదు, రెండే సీట్లు, నేలకు ఆనుకున్నంత పొట్టి. ఏళ్ల తరబడి పత్తి బస్తాల కొట్టంలో పడి ఉండి, సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టేవి. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చిన రోజు దాని వెనక మేము ఊరేగింపులా నడిచాం. దాని గుండ్రటి లైట్లు చూసి నేనే దానికి కప్పకారు అని పేరు పెట్టాను.

పటేల్ కొడుకు దాన్ని హైదరాబాదులో తుక్కు కొనేవాళ్లకు అమ్మేద్దామంటున్నాడు. పటేల్‌కేమో అన్న జ్ఞాపకం వదలబుద్ధి కాలేదు.

"నడుస్తదా సాంబన్నా?"

"నడుస్తది పటేలా. దసరా ఎల్లిన తెల్లారి పొద్దుగూకేటాలకు మీ వాకిట్ల నిలవెడత."

పటేల్ కొడుకు నవ్వాడు. "ట్రాక్టర్లు జేసెటాయినకు ఇచ్చినవా బాపూ? మంచిదే. నడిస్తే నాగలి గట్టి దున్నుదం."

షెడ్డు ముందున్న వాళ్లంతా నవ్వారు. బాపు నవ్వలేదు, కోపగించుకోలేదు. బానెట్ ఎత్తాడు. ఆ గడువుకు నడవకపోతే మర్నాడు తుక్కు లారీ వస్తుందని పటేల్ కొడుకు అక్కడే తేల్చి చెప్పాడు.

ఇంజన్ విప్పితే అసలు జబ్బు దొరికింది. ఇంజన్ ముందు భాగంలో రెండు గేర్లు ఒకదాని పళ్లలో ఒకటి ఇమిడి తిరుగుతాయి. చిన్నది పిస్టన్లతో పాటు తిరుగుతుంది, పెద్దది వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చూసుకుంటుంది. గుర్తుగా చిన్నదాని మీద కొట్టి ఉన్న గుంట, పెద్దదాని మీది గుంట ఎదురెదురుగా వచ్చేట్టు బిగించాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజన్ సరిగ్గా నడవదు. నాలుగైదు పళ్లు తప్పితే తెరుచుకున్న వాల్వును పిస్టన్ వచ్చి కొడుతుంది, అంతటితో ఇంజన్ పని ముగిసినట్టే. ఆ కారు సామాను దేశంలో ఎక్కడా దొరకదు. ఆ పెద్ద గేరుకే పళ్లు విరిగి ఉన్నాయి. బాపు దాన్ని వరంగల్ తీసుకుపోయి, లేతు మిషన్ మీద అచ్చం అట్లాంటిదే కోయించి, పాతదాని పక్కన పెట్టి గుంట ఉన్నచోట కొత్తదాని మీద ఎర్ర రంగుతో ఒక చుక్క పెట్టుకున్నాడు. పాతది లేతు షాపులోనే వదిలేసి వచ్చాడు.

దసరా నాడు షెడ్డులో పని ఉండదు, పూజే. పానాలు, సుత్తెలు, జాకీలు, విప్పి ఉన్న ఇంజన్ ముక్కలు, అన్నీ శుభ్రంగా కడిగి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ రోజంతా దేన్నీ ముట్టకుండా వదిలేస్తారు. ఆ ఏడు కడిగి బొట్లు పెట్టే పని నాకే అప్పగించారు. బాపు మేకమాంసం కోసం పోయాడు, అమ్మ ఇంట్లో గారెలకు పిండి రుబ్బుతోంది. వాకిట్లో సద్దుల బతుకమ్మ నాడు మిగిలిన గునుగు పూలు వాడి రాలుతున్నాయి. కొత్త గేరు నాకు అన్నిటికంటే ముద్దుగా కనిపించింది. దాని అంచున ఉన్న చిన్న ఎర్ర చుక్క చూసి, ఎవరో హడావిడిగా పిసినారి బొట్టు పెట్టారనుకున్నాను. కిరోసిన్ గుడ్డతో తుడిచేసి, జారిపోకుండా కుంకుమలో నూనె కలిపి, నాకు అందంగా తోచిన చోట నిండైన బొట్టు పెట్టాను.

మర్నాడు పొద్దున్నే బాపు పని మొదలుపెట్టాడు. నేను షెడ్డు పక్కనే ఉన్న మా ఇంటి గడప మీద కూర్చుని రాత్రి మిగిలిన గారె తింటున్నాను. బాపు మిగతా బొట్లన్నీ తుడిచి, పెద్ద గేరు చేతిలోకి తీసుకుని, దాని మీది ఎర్ర గుర్తును చిన్న గేరు గుంటకు ఎదురుగా జాగ్రత్తగా తెచ్చి బిగించాడు. ఆ గుర్తు నా బొట్టు, నూనె పట్టి అచ్చం రంగు చుక్కలాగే కనిపిస్తోంది. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. చెబితే ఏమవుతుందో తెలియదు, చెప్పకపోతే ఏమవుతుందో తెలుసు. బాపు పైన వాల్వులు సర్దాడు, హెడ్డు బిగించాడు. నేను గడప మీదే కూర్చున్నాను. చివరికి ఇంజన్ తిప్పే ఇనుప హ్యాండిల్ కోసం చేయి చాచాడు.

"బాపూ, తిప్పకు!"

"ఏందే?"

"ఆ బొట్టు నేను వెట్టిన. నీ సుక్క తుడిచేసిన."

బాపు హ్యాండిల్ నేల మీద పెట్టాడు. గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు, చాలాసేపు, ఒక్కో వేలూ. కేక విని అమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఇనుపముక్కలన్నిటికి బొట్టు వెట్టుమని నువ్వే చెప్తివి. గది బొట్టు కాదని పిల్లకెట్ల ఎర్క?"

"నేనేమన్ననా?" అన్నాడు బాపు అమ్మతో. తర్వాత నా వైపు తిరిగాడు. "తిప్పకముందే చెప్పినవ్ గద. గంతే సాలు. దా, పని వడ్డది."

వరంగల్ లేతు షాపు పండక్కి మూసి ఉంది. పాత గేరు దొరికే దారి లేదు. బాపు నా సైకిల్ చక్రం నుంచి ఒక పుల్ల ఊడదీసి, దానికి దారం ముడి వేసి, మొదటి ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ మీద ఆనేట్టు నా చేతికిచ్చాడు. తను ఇంజన్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతుంటే పుల్ల నా వేళ్ల మధ్య ప్రాణమున్నదానిలా పైకి లేచింది. ముడి రంధ్రం అంచుకు రాగానే "ఆగు" అన్నాను, బాపు ఇంజన్ చక్రం మీద చాక్‌పీసుతో గీత గీశాడు. పిస్టన్ పైదాకా పోయి తిరిగి దిగుతూ ముడి మళ్లీ అంచుకు రాగానే "ఆగు" అన్నాను, ఇంకో గీత. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ పిస్టన్ అన్నిటికంటే పైన ఉన్నట్టు. ఆ చోట ఆపినప్పుడు, ఆ పిస్టన్ ఆడే బోరులోనే ఒక వాల్వు మూసుకుంటూ, ఇంకొకటి తెరుచుకుంటూ రెండూ సమానంగా లేచి ఉండాలి. బాపు సన్నటి ఉక్కు రేకులు దూర్చి కొలిచాడు. సమానంగా లేవు. పెద్ద గేరు ఊడదీసి, ఒక పన్ను జరిపి మళ్లీ బిగించాడు. మళ్లీ కొలిచాడు. మధ్యాహ్నం అమ్మ అన్నం కలిపి మా ఇద్దరి నోట్లో ముద్దలు పెట్టింది. ఎన్నోసారో గుర్తులేదు కానీ, ఎండ షెడ్డు వెనక్కి తిరిగాక, ఒకే రేకు రెండు వాల్వుల కిందా ఒకేలా ఆనింది. బాపు ఇంకోసారి మొదటి నుంచీ సరిచూసుకున్నాడు. తర్వాత ఉలి తీసుకుని గేరు మీద గట్టిగా ఒక గుంట కొట్టాడు.

"ఇగ ఎంత తోమినా పోదు."

హ్యాండిల్ మూడోసారి తిప్పినప్పుడు కప్పకారు ఒక్కసారి తుపాకిలా పేలి, దగ్గి, నడవడం మొదలుపెట్టింది. పొద్దుగూకే వేళకు పటేల్ వాకిట్లో ఆగింది, పక్క సీట్లో నేను. పటేల్ కొడుకు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఆఖరి గడియ దాక ఎందుకైంది సాంబన్నా?" అన్నాడు పటేల్.

"ఒక్కతాన అనుమానమొచ్చింది పటేలా. మల్లొకసారి సూసుకున్న." నా వైపు చూడనైనా చూడలేదు.

ఆ షెడ్డు రోడ్డు వెడల్పులో పోయింది. నీలం కిరోసిన్ రేషన్ షాపుల్లో కనిపించడం లేదు. పటేల్ పోయాక కారు కూడా ఊరు దాటింది. బాపు ఇప్పుడు కోతమిషన్ల కుర్రాళ్లకు ఫోన్‌లోనే సలహాలు చెబుతాడు.

నేను బాపులాంటి దాన్ని కాలేకపోయాను. బిడ్డ తుమ్మితే భయం, బడి బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే భయం. పోయిన నెల నా ఆరేళ్ల కూతురు మెట్ల మీద పడి, వాచిన మణికట్టును మూడు రోజులు పొడుగుచేతుల చొక్కాలో దాచింది. దవాఖానలో డాక్టరు సన్నటి పగులని చెప్పాక, ఎందుకు చెప్పలేదని అరిచాను. "నువ్వు భయపడతవని" అంది. తిడతావని కాదు, భయపడతావని. ఆ మాట తర్వాత ఒకటి గట్టిగా అనుకున్నాను: నా భయం నా దగ్గరే ఉండాలి, బిడ్డ దాకా పోకూడదు. రోజూ నేర్చుకుంటున్నాను, రోజూ కొంత తప్పుతున్నాను, అయినా వదలడం లేదు.

నిన్న సాయంత్రం అది వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి, నా ఫోన్ బకెట్ నీళ్లలో పడిందని చెప్పింది. అరవబోయి ఆగాను. స్టవ్ ఆపి, దాని ఎత్తుకు కింద కూర్చున్నాను.

"ఎంతసేపైంది బిడ్డా?"

"ఇప్పుడే. నీకే ఫస్ట్ చెప్తున్న."