బోర్డు దించిన చెయ్యి

పుదుచ్చేరి వైతికుప్పం ఒడ్డున ఈ ఉదయం ఎవరో పడవ ఇంజనులో డీజిలు పోస్తున్నారు. క్యాను మూతికి పాత లుంగీగుడ్డ కట్టి, వడపోస్తూ, తొందర లేకుండా పోస్తున్నారు. నాలుగు చుక్కలు తడి ఇసుక మీద పడి రంగురంగులుగా పరుచుకున్నాయి. ఆ వాసన చేపపొలుసు వాసనతో కలిసి ముక్కుకు తగిలిందో లేదో, నా కుడిచెయ్యి దానంతటదే వెళ్లి పంచెకు తుడుచుకుంది. పెట్రోలు బంకులో పని మానేసి పద్దెనిమిదేళ్లయింది. చేతికి ఆ సంగతి ఇంకా తెలియదు.

"తాతా, వంజరం ధర ఎక్కింది. ముందే చెప్తున్నా, తర్వాత మొహం ముడుచుకోవద్దు," అంది చేపలు అమ్మే సెల్వి, కత్తిపీట ముందు కూర్చుని. మా మాటలన్నీ అరవంలోనే. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"మళ్లీ ఏమొచ్చిందే?"

"డీజిలు ఎక్కింది. ఎక్కడో నూనె ఓడల్ని ఆపేశారంట. అక్కడ ఓడ ఆగితే ఇక్కడ పడవ ఆగుతుంది గదా."

నాలుగు ముక్కలు తూచి, ఎప్పటిలాగే చేప తలకాయ ఊరికే సంచిలో వేసింది. ఆ తలకాయ నాకు కొన్నేళ్లుగా అందుతోంది. దాని వెనక ఒక కథ ఉంది. ఆ కథ చెప్పింది నేనే. అందులో అబద్ధం ఎంతో, నిజం ఎంతో ఇవాళ తేల్చి రాయాలనిపించింది.

ఒకప్పుడు పుదుచ్చేరిలో పెట్రోలు వ్యాపారమంతా నా చేతిమీదుగా నడిచింది. అంటే, ఒక బంకులో. అంటే, ఆ బంకులో గొట్టం పట్టుకుని పోసే పని నాది. సరే, మొదటి ఆర్నెల్లు అదీ కాదు. కార్ల అద్దాలు తుడిచాను. యానాం నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి, ఊళ్లో తెలుగు మాట వినబడితే ప్రాణం లేచివచ్చేది. వైట్ టౌన్ దాటి ఉత్తరంగా వెళ్లే దారిలో ఉన్న ఆ బంకుకు మేనేజరు ఎం. వరదరాజులుగారు. వాళ్ల కుటుంబం తరాల క్రితమే ఇక్కడ స్థిరపడింది. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటి రాదు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మడతపెట్టిన గుడ్డతో ఉండేవారు.

ఆ గుడ్డ డిప్ కడ్డీ కోసం. భూమిలో పాతిన ట్యాంకులో సరుకు ఎంతుందో చూడడానికి అంకెలు చెక్కిన పొడుగాటి ఇత్తడి కడ్డీ అది. రోజూ పొద్దున్నే దాన్ని పొడిగా తుడిచి, ట్యాంకులోకి దింపి, పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి ఆ అంకె పైకి చదివేవారు. చుట్టుపక్కల ఒక్క మనిషి లేకపోయినా పైకే చదివేవారు.

"ఎవరికండీ చెబుతున్నారు?" అని ఒకరోజు నవ్వాను.

"నా చెవికి. కడ్డీకి సిగ్గు లేదు తంబీ, ఎంతుంటే అంత చూపిస్తాది. సిగ్గనేది మనకి ఉండాల."

నాకు ధరల సంగతి నేర్పిందీ ఆయనే. డీజిలు ధర పెరిగినప్పుడల్లా బంకుకు వచ్చినవాళ్లు మమ్మల్నే తిట్టేవారు. నేనూ తిరిగి తిట్టేవాణ్ణి. ఒక ఆదివారం ఆయన నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని ఈ వైతికుప్పం ఒడ్డుకే తీసుకొచ్చారు. అంజలై అనే ఆమె ముందు నిలబెట్టారు. ఇవాళ నాకు చేప కోసి ఇచ్చిన సెల్వి తల్లే ఆమె. అప్పుడు సెల్వి చంటిపిల్ల. అంజలై భర్త మురుగేశన్ పడవ మీద పోయేవాడు, తెచ్చిన చేపను ఆమె కోసి అమ్మేది. ముందున్న కత్తిపీట మీద మూర పొడుగు వంజరం ఉంది.

"సూడు తంబీ," అన్నారు వరదరాజులుగారు. "ఈ చేప ఉండాదే, ఇదే ముడి చమురు. అట్లే ఎవురికీ పనికిరాదు. కోస్తేనే ముక్క. ఆ కోసే పనే రిఫైనరీ. తల వచ్చె, నడిమి ముక్క వచ్చె, తోక వచ్చె. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, కడాకి రోడ్డుకి పోసే తారు. నాకు డీజిలు ముక్కే సాలు, మిగతాది వద్దంటే కుదురుతాదా? చేపంతా కోయాల. తల ఎవురూ కొనకపోతే దాని వెల యాడికి పోతాది?"

"ఎక్కడికి పోతుంది?"

"నడిమి ముక్క మీద కూసుంటాది. సుమ్మా, ఊరికే వచ్చేది ఏదీ లేదు."

అదే మాట ఆయన అరవంలో చెబితే, అంజలై కత్తి ఆపకుండానే అంది: "సముద్రంలో గాలివాన అయితే చేప రాదు, ధర ఎక్కుతుంది. నాకు జ్వరం వస్తే చేప ఉంటుంది, కోసేవాళ్లుండరు. అప్పుడూ ముక్క ధర ఎక్కుతుంది. ఇంకో తమాషా చెప్పనా? రేపట్నుంచి పడవలు పోవంట అని ఎవడైనా ఉత్తినే అన్నా చాలు, ఈ పూటే ఎక్కుతుంది."

"విన్నావా?" అని మేనేజరుగారు నా భుజం తట్టారు. "అరబ్బు దేశాల్లో అదే కత. నూనె తోడేది తగ్గిస్తామని ఒక మాట అంటే సాలు. ఇంక ఎవురన్నా తిడితే తిట్టద్దు. ఇది జెప్పు."

చెప్పాను. బంకుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. నెల తిరిగేసరికి ఆ చేప కథ నేనే కనిపెట్టానన్నంత ధీమా వచ్చింది. తెలిసిన విషయం నోట్లో నిలవదు నాకు, కొంచెం ఉబ్బి బయటికి వస్తుంది.

ఆ ఏడే ఎడారి దేశాల్లో యుద్ధం వచ్చింది. ఈనాటి మాదిరి రోజూ ధర మారే కాలం కాదది. ఎప్పుడో ఒకసారి ప్రభుత్వం పెంచేది, సాయంత్రం రేడియోలో చెప్పేవారు, అర్ధరాత్రి నుంచి కొత్త ధర. పెంచుతారన్న పుకారు మధ్యాహ్నానికే ఊళ్లో పాకేది. అప్పుడు బంకులు చేసే పని ఒకటుండేది. ట్యాంకులో సరుకు పాత ధరకు కొన్నదే. ఈ పూట అమ్మకుండా ఆపితే రేపు కొత్త ధరకు పోతుంది. అందుకని ముందు ఒక రేకు బోర్డు వేలాడదీసేవారు: సరుకు లేదని.

మా బంకు బోర్డు మీద ఆ మాట అరవంలో, ఇంగ్లీషులో ఉండేది. కింద ఖాళీ కనబడితే నేను ఎర్రరంగుతో "స్టాకు లేదు" అని తెలుగులో రాశాను. పుదుచ్చేరి బంకులకు తెలుగు లిపి తెచ్చిన మొనగాణ్ణి నేనేనని చాలామందికి చెప్పుకున్నాను. దాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అని మాత్రం చెప్పలేదు. వరదరాజులుగారు దాన్ని కట్టనిచ్చేవారు కాదు, అందాకా ఆ బోర్డు గదిలో మూలనే పడి ఉండేది.

ఆ యుద్ధం రోజుల్లో ఒకనాడు ఆయన బ్యాంకు పని మీద వెళ్తూ మొదటిసారి బంకు నాకు అప్పజెప్పారు. రెండు గంటలు. కాసేపటికి బంకు యజమాని ఫోను చేశాడు. "ధర పెరుగుతుందంట. చూసుకో," అన్నాడు, అంతే. బోర్డు కట్టమని ఆయన నోటితో అనలేదు. నేనే మూలనుంచి తీసి, దుమ్ము దులిపి, కట్టాను. కట్టి, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

మూడు గంటలప్పుడు అంజలై వచ్చింది. సెల్వి చంకలో ఉంది. వెంట ఇద్దరు మనుషులు, చేతుల్లో క్యాన్లు. మురుగేశన్ తెల్లవారకముందు వేటకు వెళ్లాడు, పదింటికల్లా రావలసిన పడవ ఇంకా కనబడలేదు. వెతకడానికి ఒడ్డున రెండు పడవలు సిద్ధంగా ఉన్నాయి, వాటిలో డీజిలు లేదు.

అప్పుడు నేనన్న మాట ఇది. ఒక్క అక్షరం పెంచడం లేదు, తగ్గించడం లేదు.

"ముడి చమురే రావడం లేదక్కా. రిఫైనరీలు ఆగిపోయాయి. చేపే లేకపోతే ముక్క ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

ఆమె కత్తిపీట దగ్గర నేర్చుకున్న మాటే ఆమె ముందు పెట్టాను. ఆమె సెల్విని రెండో చంకకు మార్చుకుంది.

"తల, తోక అయినా లేవా తంబీ?"

"లేవు."

వాళ్లు మరో బంకు వైపు నడిచారు. ఆ పూట ఊళ్లో ఏ బంకుకు పోయినా అదే బోర్డు ఉంటుందని నాకు తెలుసు.

వరదరాజులుగారు నాలుగున్నర దాటాక వచ్చారు. సైకిలు తొక్కుతూ కాదు, నడిపించుకుంటూ వచ్చారు. పక్కనే అంజలై, ఖాళీ క్యాన్లతో ఆ ఇద్దరూ. దారిలో ఎదురయ్యారట. ఆయన నేరుగా గదిలోకి వెళ్లి డిప్ కడ్డీ తెచ్చారు. జేబులోంచి గుడ్డ తీసి తుడిచారు. ట్యాంకులో దింపి పైకి లాగారు. ఇత్తడి మీద తడి ఆయన నడుము ఎత్తుదాకా మెరిసింది.

"చదువు," అన్నారు.

అంకె చదివాను.

"అది కాదు. ఆ బోర్డు మీద నువ్వు రాసినావే తెలుగులో. నాకు రాదు గదా. చదివి జెప్పు."

అంజలై చూస్తోంది. ఆమెకు తెలుగు తెలియకపోయినా ఏమి జరుగుతోందో తెలుస్తూనే ఉంది.

"చదువు తంబీ."

"స్టాకు లేదు," అన్నాను.

ఆయన వెళ్లి బోర్డు దించారు. క్యాన్లు ఆయనే నింపి సైకిలుకు కట్టి పంపారు. బోర్డు దిగడం చూసి రోడ్డు మీద వరస కట్టినవాళ్లకు కూడా పాత ధరకే పోయించారు. నేను పోస్తుంటే పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అన్నారు: "ధర యాడాడి నుంచో వస్తాది. ఎడారిలో తోడినోడు, ఓడ నడిపినోడు, రిఫైనరీలో కాచినోడు, పన్ను వేసినోడు, అందురి చెయ్యీ ఉంటాది. దాంట్లో మన చెయ్యి ఎంత? ఈ బోర్డు అంత. ఆ కొంజెం కూడా వాళ్ల మీద తోసేస్తే ఎట్లా?"

పడవలు బయలుదేరేసరికి పొద్దు వాలింది. వెతికినవాళ్లు చీకటి పడి వెనక్కి వచ్చేశారు. ఆ పడవల్లో నేనూ వెళ్లానని ఇన్నేళ్లుగా చెబుతున్నాను. వెళ్లలేదు. మర్నాడు తెల్లవారుతుండగా ఒడ్డుకు వెళ్లి, ఆరేసిన వలల వెనక నిలబడ్డాను. అంజలై నీళ్ల అంచున కూర్చుని ఉంది. వరదరాజులుగారు ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఆయన ఎప్పుడు వచ్చారో, అసలు ఇంటికి వెళ్లారో లేదో నాకు తెలియదు.

ఎండ ఎక్కుతుండగా మురుగేశన్ పడవను తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజను పాడైపోయి కొట్టుకుపోయాడట. పెదవులు పగిలి నెత్తురు కట్టాయి. నలుగురు పట్టుకుని దింపితే ఇసుకలో కూలబడ్డాడు. అంజలై ఏడవలేదు. "ఎంతసేపయ్యా! చేప కుళ్లిపోయుంటుంది," అని తిట్టి, అప్పుడు చీర చెంగుతో మొహం కప్పుకుంది.

అతను నీళ్లు తాగి చెప్పిన మొదటి మాట వలల వెనక ఉన్న నాకూ వినబడింది. "నిన్న పొద్దుగుంకేటప్పుడు మన పడవ దూరంగా కనబడింది. అరిచాను, చొక్కా ఊపాను. ఇంతలో చీకటి పడిపోయింది."

వరదరాజులుగారు తల తిప్పి వలల వైపు ఒక్కసారి చూశారు. నేనక్కడ ఉన్నానని ఆయనకు ముందే తెలుసు.

రెండు రోజుల తర్వాత యజమాని వచ్చి బోర్డు దించిందెవరని అడిగాడు. "నేనే," అన్నారాయన. నేను అప్పుడు ఒక కారు అద్దం తుడుస్తున్నాను. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాను. ఆ నెలాఖరుకు ఆయన్ను మాన్పించి, బోర్డు కట్టినందుకు మెచ్చుకుని, ఆయన కుర్చీ నాకిచ్చాడు యజమాని. అవును, అలాగే మేనేజరునయ్యాను. వెళ్లేరోజు ఆయన గది మూలనుంచి ఆ బోర్డు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇంటికి ఎత్తుకపో. పారేయొద్దు. దేనికన్నా మూతకి పనికొస్తాది."

తర్వాత ఆయన కురుచికుప్పంలో తమ్ముడి సైకిలు కొట్లో కూర్చునేవారు. ఎప్పుడు వెళ్లినా టీ తెప్పించి ఒకటే ప్రశ్న: "పొద్దున కడ్డీ ముంచినావా?" ముంచాననేవాణ్ణి. నిజంగానే ముంచేవాణ్ణి. బంకులో ఉన్నన్నాళ్లూ మళ్లీ బోర్డు కట్టలేదు. సరే, ఒకసారి అట్టముక్క మీద రాసి కట్టాను. అరగంటకు నా చేత్తోనే దించాను. ఆ సంగతి ఆయనకు చెప్పకముందే ఆయన పోయారు.

సెల్వి పెద్దదై తల్లి స్థానంలో కూర్చున్నాక, బోర్డు దించింది నేనేనని ఆమెకు చెప్పాను. అప్పటికి అంజలై, మురుగేశన్ ఇద్దరూ లేరు. తలకాయ అప్పటినుంచే వస్తోంది.

ఇవాళ సంచి అందుకుని కదలలేకపోయాను. "సెల్వీ, ఆ బోర్డు దించింది నేను కాదే. కట్టింది నేను," అన్నాను.

ఆమె కత్తి కడుగుతూ తలెత్తలేదు. "తెలుసు తాతా. కట్టిన మనిషి ముందు నిలబడి అడిగింది మా అమ్మే గదా."

"మరి ఇన్నేళ్లూ వింటూ కూర్చున్నావే?"

"వచ్చినప్పుడల్లా కొంచెం పెంచి చెప్తారు, బాగుంటుంది. పోయినసారి మీరు సముద్రంలో దూకేశారు కూడా."

"తల ఎందుకేస్తున్నావు మరి?"

"అమ్మ వెయ్యమని చెప్పి పోయింది. ఎందుకని నేనడగలేదు."

"దీని వెల ఎంతో చెప్పు, ఇచ్చేస్తాను."

"అది నడిమి ముక్క మీద ఎప్పుడో పడిపోయింది తాతా. ఎండెక్కుతోంది, ఇంటికెళ్లండి."

వచ్చాను. పెరట్లో నీళ్ల డ్రమ్ము మీద మూత ఆ బోర్డే. ఎర్రరంగు పెచ్చులూడినా నా అక్షరాలు ఇంకా చదవడానికి వస్తాయి. దాన్ని పక్కకు తీశాను. డ్రమ్ము నిండా నీళ్లున్నాయి. చేప తలకాయ కడగడానికి చెంబు ముంచబోతూ, ఎవరూ లేని పెరట్లో, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో పైకే చెప్పాను.