ఎడమకు తిప్పితే కుడికి వెళ్లిన కారు

పాపకూర అనే ఊళ్లో, మా ఇంటి గ్యారేజీలో రెండేళ్లు ఒక్కడినే తంటాలుపడి స్పోర్ట్స్ కారు తయారుచేశాను. బాడీని విడిభాగాల కిట్‌గా కొన్నాను. ఇంజిను, స్టీరింగు ఓ పాత కారులోంచి విప్పి బిగించాను.

పోయిన వేసవిలో మొదటిసారి బయటికి తీశాను. పక్కన మా ఆవిడ సుజాత. గేటు దగ్గర స్టీరింగు ఎడమకు తిప్పితే కారు కుడికి మళ్లింది! కంగారులో ఇంకా ఎడమకు తిప్పాను.

"ఏమండీ, బ్రేకు!" అని సుజాత అరిచేలోపే పక్కింటి గులాబీ మొక్కల్లోకి దూసుకెళ్లాం. రెండడుగుల దూరంలో, మొక్కలకు నీళ్లు పడుతున్న ఆ ఇంటి మార్గరెట్ ఆంటీ కొయ్యబారిపోయింది.

అప్పుడర్థమైంది, స్టీరింగును చక్రాలకు కలిపే భాగాన్ని నేనే తలకిందులుగా బిగించానని. ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు కాబట్టి, కసితీరా తిట్టడానికీ నేనొక్కడినే దొరికాను. "మీకేం కాలేదు కదా?" అని ఆంటీ అడుగుతుంటే తలెత్తలేకపోయాను.

ఇప్పుడు మళ్లీ మొత్తం విప్పాను. బిగించిన ప్రతిదీ సుజాతకు చూపించాకే ముందుకు వెళ్తున్నాను.