నేను కొట్టేయించిన వాక్యం

కళ్యాణదుర్గంలో ఇంటర్ పిల్లలకు పంతొమ్మిదేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. నాడీమండలం పాఠంలో ఒక వాక్యం వస్తుంది: నాడీకణాలకు ఆసరాగా గ్లియల్ కణాలు ఉంటాయని. "ఇది పరీక్షకు రాదు, కొట్టేయండి" అంటాను. పెన్నులన్నీ ఒకేసారి గీత గీస్తాయి. నా పుస్తకంలోనూ ఆ వాక్యం కొట్టేసే ఉంది.

మా తమ్ముడు తాడిపత్రిలో బండలు పాలిష్ చేస్తాడు. పోయిన వేసవిలో వాడికి ఒక బండ రెండుగా కనిపించడం మొదలైంది. నడక తూలింది. తాగొచ్చాడని మేస్త్రీ తిట్టాడు, నేనూ తిట్టాను. అది తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. స్కాన్ తీస్తే మెదడు కాండంలో, అంటే మెదడు వెన్నుపాముతో కలిసేచోట, గడ్డ ఉందన్నారు. అది పుట్టింది ఆ ఆసరా కణాల్లోనే.

వాడితో పనిచేసే ఒకాయనకు నుదుటి వైపున్న ఇలాంటి గడ్డనే తీసేశారు. ఆయన మళ్లీ పనికొచ్చాడు. తమ్ముడు ఆ ఆశనే పట్టుకుని డాక్టర్ని అడిగాడు.

"ఆయప్పకు తీసినారు గదా సార్, నాకెందుకు తీయరు?"

డాక్టరు ఓపికగానే చెప్పాడు. ఈ కణాలు మెదడంతా ఒక్కలాంటివి కావట. ముందు భాగంలో వాటి తీరు వేరు, కాండంలో వేరు. అందుకే గడ్డ తీరూ వేరు, అక్కడ పనిచేసిన మందు ఇక్కడ పనిచేయకపోవచ్చు. కాండంలో కత్తి పెడితే ఊపిరికే ప్రమాదం. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నేను నోరు తెరుచుకుని విన్నాను. నాకంటే ముందు వాడికే అర్థమైంది.

"ఒకే గని రాయైనా పైపొర సులువుగా లేస్తాది. నడిమిది ముట్టుకుంటే పగుల్తాది. అంతే గదా సార్?"

డాక్టరు అవునన్నట్టు తలూపాడు.

ఇంటికొచ్చాక నా పుస్తకం తెమ్మన్నాడు. "నాకు అచ్చరాలు రెండ్రెండు కనపడతాండాయి. ఆ కణాల గురించి ఏం రాసినారో నువ్వే చదువక్కా."

కొట్టేసిన వాక్యం చదివాను.

"అంతేనా? ముందుకు చదువు."

ముందుకు ఏమీ లేదు. దాని కింద నాడీకణం బొమ్మ ఉంది. ఆ బొమ్మ మీద వేలు పెట్టి, క్లాసులో చదివే గొంతుతోనే చదివాను: "కాండంలోని గడ్డలు కూడా మందులకు కరుగుతాయి."

వాడు కళ్లు మూసుకున్నాడు. "ఇంకొకసారి చదువక్కా" అన్నాడు.

మళ్లీ చదివాను. ఈసారి వాడు కూడా నాతోపాటు మెల్లగా ఆ మాటలు పలికాడు, పరీక్షకు బట్టీ పట్టే పిల్లాడిలా.