బావిలో అరవై మంది

మా మనవరాలు ప్రొద్దుటూరులో టీచరు ట్రైనింగు చదువుతోంది. పిల్లల చేత ప్రశ్నలు అడిగించడం ఎలాగో చెప్పమని మొన్న నా పక్కన వచ్చి కూర్చుంది. మా తాత ఆ కాలంలోనే ఇవన్నీ చేశాడని క్లాసులో గొప్పగా చెప్పి వచ్చిందట. నేను చెప్పగలిగినంత చెప్పి, చెప్పవలసినది మాత్రం మింగేశాను. ఆ మింగినది మీకు చెబుతున్నాను, చిన్నప్పుడు బడిలో గోడకుర్చీ వేసిన మోకాళ్లు మీకూ ఉంటాయి కనుక.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెబడిలో నాకు తాత్కాలికపు ఉద్యోగం దొరికింది. ఎక్కాలు, పద్యాలు వల్లె వేయించడమే చదువనుకునే రోజులవి. ట్రైనింగు వేడి ఇంకా ఆరని నేను మాత్రం ఒక ఆట పెట్టాను. శనివారం లెక్కల గంటలో నల్లబల్ల మీద కావాలనే ఒక తప్పు రాసేవాణ్ణి. దాన్ని పట్టుకున్నవాళ్లు లేచి, ఎందుకు తప్పో అందరినీ ఒప్పించాలి, ఒప్పిస్తే ఆ సాయంత్రం బడిగంట కొట్టే భాగ్యం వాళ్లదే. అయ్యవారి తప్పు పట్టడమా అని మొదట గుడ్లప్పగించి చూసిన పిల్లలు, నెల తిరిగేసరికి తప్పు లేనిచోట కూడా వెతకసాగారు. అందరికంటే ముందు లేచేది బావులు తవ్వే కూలీ ఒకాయన కూతురు, పదేళ్ల పిల్ల. మట్టితట్టలు మోయడానికి తండ్రి తీసుకుపోతానంటే, నేనే వాళ్లింటికి వెళ్లి బతిమాలి ఆపాను.

ఒక శనివారం ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. నా ఉద్యోగం పర్మనెంటు కావడం ఆయన రాసే నాలుగు ముక్కల మీదే ఉంది. ఆయనే సుద్దముక్క తీసుకుని, ఆరుగురు పది రోజుల్లో తవ్వే బావిని అరవై మంది ఎన్ని రోజుల్లో తవ్వుతారని అడిగి, ఒక రోజు అని తానే జవాబు రాశారు. శనివారం, నల్లబల్ల, పైగా బావి. ఆ పిల్ల ఆగుతుందా, లేచింది.

“అది తప్పు సార్. అంతమంది బాయిలో యాడ నిలబడతారు? మా నాయనోళ్లు నలుగురు దిగితేనే గడ్డపారలు ఒగదానికొగటి తగుల్తాయి.”

పిల్లలు అలవాటుగా నవ్వారు. ఇన్‌స్పెక్టరుగారి ముఖం కందగడ్డయింది. పెద్దల మాటకు అడ్డం రమ్మని ఎవరు నేర్పారని అడిగారు. ఆ పిల్ల నావైపు చూసింది, క్లాసంతా నావైపే చూసింది. నేనే నేర్పానండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ముద్దనూరులో నా జీతం కోసం చూసే అమ్మ, ఇద్దరు చెల్లెళ్లు కళ్లముందు మెదిలారు. ఈ పిల్లకు నోరెక్కువ సార్ అన్నాను. అని ఊరుకున్నానా, గోడకుర్చీ కూడా వేయించాను. చెప్పేవి శ్రీరంగనీతులని మనవాళ్లు నాలాంటి వాళ్లను చూసే అని ఉంటారు. ఆయన వెళ్లేదాకా ఆ పిల్ల మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఏడవలేదు. తను చేసిన తప్పేమిటో తెలియక నన్నే చూస్తూ ఉంది.

నా ఉద్యోగం పర్మనెంటయింది. మరుసటి శనివారం నల్లబల్ల మీద తప్పు రాస్తే ఒక్కరూ లేవలేదు. ఆ పిల్లను పేరు పెట్టి పిలిచాను. “మీరు రాసిందే రైటు అయ్యోరా,” అని కూర్చుంది. ఎండాకాలం సెలవుల తర్వాత బడికి రాలేదు, తట్టలు మోస్తోందన్నారు. ఈసారి వాళ్లింటికి వెళ్లడానికి నాకు ముఖం చెల్లలేదు.

చాలా ఏళ్ల తర్వాత, నేను పులివెందులలో హెడ్మాస్టరుగా ఉండగా, కూతురిని బడిలో చేర్చడానికి ఆమె వచ్చింది. నన్ను గుర్తుపట్టి కాళ్లకు దండం పెట్టింది. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది. కూతురివైపు తిరిగి, “అయ్యోరు ఏం చెప్పినా తలకాయ ఊపు. ఎదురు అడగాకు,” అంది. అడగమ్మా అని ఆ చిన్నదానితో అనబోయాను కానీ, ఆ తల్లి ముందు నా నోటికి ఆ మాట రాలేదు.

ఇప్పుడు ప్రశ్న అడిగిన పిల్లలకు చప్పట్లు కొట్టిస్తారట, అడిగించిన టీచర్లకు మెచ్చుకోలు కూడానట. కాలం మారింది, సంతోషమే. నేను మాత్రం ఆ తల్లీకూతుళ్లు వచ్చిన రోజుదాకా ఒక్క పిల్ల నోరు మూయించాననే అనుకుంటూ వచ్చాను. తల్లి మాటకు ఆ చిన్నది బుద్ధిగా తల ఊపడం చూశాక, ఆ లెక్క కూడా తప్పేనని తెలిసింది.