నేను వెళ్లని పదిహేను రోజులు

దయ్యాల మాట ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోయే రకం. చిన్నప్పుడు మా అమ్మ దయ్యాలు వదిలించే ప్రార్థన కూటాలకు రమ్మన్నా వెళ్లేదాన్ని కాదు. ఇప్పుడు కూడా నేను దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. అసలు నేనేమీ చూడలేదు. నా చిక్కంతా అదే.

నా పేరు కరుణ, మాది ఎమ్మిగనూరు. పెళ్లికి ముందు బెంగళూరులో ఒక కంపెనీలో చేరాను. ఆసుపత్రుల నుంచి వచ్చే బీమా కాగితాలు సరిచూసే పని. కరోనా రోజుల్లో ల్యాప్‌టాప్ చేతికిచ్చి ఇంటికి పంపారు. ఆ తర్వాత పెళ్లయింది, పాప పుట్టింది. మా ఆయన లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఊళ్లో ఉండడు. పాప పడుకున్నప్పుడు కొంత, ఆడుకుంటున్నప్పుడు కొంత, పని మాత్రం ఏ రోజూ ఆగలేదు.

పోయిన ఏడాది అందరూ ఆఫీసుకు రావాల్సిందేనని ఆర్డరు వచ్చింది. మా వైపు నుంచి తొమ్మిదిమందిమి ఉన్నాం. ఆదోనిలో ఉండే గౌసియక్క అందరినీ ఫోన్లో కూడగట్టింది. ఆమె భర్తకు పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులో కుడిచెయ్యి పోయింది. ఆయన్ని వదిలి ఆమె ఎక్కడికీ వెళ్లే వీలు లేదు. రాలేమని, ఇక్కడి నుంచే చేస్తామని తొమ్మిదిమందిమీ సంతకాలు పెట్టి లేఖ పంపాం. గడువు దాటినా ఎవరమూ కదలకూడదనుకున్నాం. ఒక్కరు వెళ్లినా మిగతావాళ్ల మాట చెల్లదు.

గడువు దాటి మూడు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం గౌసియక్క ఫోన్ చేసింది.

"ఎప్పట్నించి పోతాండావు కరుణా?"

"యాడికక్కా?"

ఆమె ఫోన్ పెట్టేసి ఒక కాగితం ఫొటో పంపింది. అది మేనేజరు పంపిన హాజరు పట్టిక. ఎనిమిది పేర్ల ఎదురుగా గైర్హాజరు. నా పేరు ఎదురుగా పదిహేను రోజుల హాజరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళతో సహా. చంటిపిల్ల ఉన్న ఆమే వస్తుంటే మీకేం ఇబ్బంది అని కింద రాశాడు.

మొదట నవ్వొచ్చింది. ఏదో పొరపాటనుకుని మేనేజరుకు ఫోన్ చేశాను. వేలిముద్ర నాదేనని, మెషీన్‌లో నా పాత ముద్రతో సరిపోయిందని అన్నాడు. అవే రోజుల్లో నేను ఇంటి నుంచి చేసిన పని కూడా కంప్యూటర్లో ఉంది కదా అంటే, అది తనకు తెలియదన్నాడు. సాయంత్రానికి మావాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు.

ఆ పదిహేను రోజులూ నేను ఎమ్మిగనూరు దాటలేదు. అందులో రెండో వారం, పాపకు స్నానం చేయించబోతుంటే వేడినీళ్లు నా ఎడమపాదం మీద ఒలికాయి. వీధి చివర ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్నాను. వారం రోజులు కుంటుతూ నడిచాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే సెలవు కోసం సాకు అంటారని.

పాపను గోనెగండ్లలో మా అమ్మ దగ్గర వదిలి, ఆదోనిలో రైలెక్కి బెంగళూరు వెళ్లాను. కరోనా తర్వాత కంపెనీ కొత్త భవనంలోకి మారింది. నేను అందులో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

లిఫ్టు దగ్గర ఒకామె నేల తుడుస్తోంది. పేరు రంగమ్మ అని తర్వాత తెలిసింది. కోడుమూరు వైపు నుంచి వలస వచ్చిన మనిషి. నన్ను చూడగానే గుడ్డ పక్కన పెట్టి నా పాదం వంక చూసింది.

"మానిందామ్మా? పోయిన వారమంతా కుంటుకుంటా తిరుగుతాంటివి."

నా సీటెక్కడని అడిగాను. నీ సీటు ఆడనే ఉందని తనే తీసుకెళ్లి చూపించింది. కిటికీ పక్కన బల్ల. మిగతా కుర్చీలన్నిటి కంటే ఆ కుర్చీ కిందికి దించి ఉంది. నేను పొట్టిదాన్ని. కూర్చుంటే కాళ్లు సరిగ్గా నేలకు ఆనాయి. వెంటనే లేచేశాను.

కెమెరా రికార్డులు చూపించమని బతిమాలాను. కుదరదన్నారు. ఆ హాజరు తప్పుగా పడిందని రాసిస్తానన్నా తీసుకోలేదు.

మరుసటి వారం మావాళ్లలో ఐదుగురు బెంగళూరు వెళ్లిపోయారు. వెళ్లని ముగ్గురి ఉద్యోగాలు పోయాయి. వాళ్లలో గౌసియక్క ఒకరు. నాకై నేనే రాజీనామా చేశాను.

తర్వాత ఒకరోజు ఆసుపత్రి చీటీ పట్టుకుని ఆదోనిలో ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె భర్తకు అన్నం తినిపిస్తోంది. చెయ్యి కడుక్కుని వచ్చి, చీటీ మీద తేదీ చూసింది. చీటీ మడిచి నా చేతికిచ్చింది.

"ఈడనే ఉండావు, నమ్ముతా," అంది. "ఒకటి సెప్పు. ఒక్క పొద్దన్నా పోదామనిపించిందా నీకు?"

అబద్ధం చెప్పలేకపోయాను. ప్రతి ఉదయం ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు అనిపించేది. ఉద్యోగం పోతే పాప గతేమిటని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోదామా అని. ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆమె తల ఊపి లోపలికి వెళ్లి టీ పెట్టింది. వచ్చేటప్పుడు వీధి దాకా వచ్చి సాగనంపింది. ఆ తర్వాత ఫోన్ చేయలేదు.

అనుకున్నంత మాత్రాన వేలిముద్ర పడుతుందా? మనసులో మాట కాలికి కట్టు కట్టుకుని కుంటుతుందా? ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నేను వెళ్లలేదు. అది మాత్రం ఖాయం. కానీ ఆ మాట ఎవరికైనా చెప్పబోతే, ఎందుకో నా గొంతు తగ్గిపోతుంది.