తేలిన బాంబులు

ఆ రోజుల్లో జమ్మలమడుగు దగ్గర మా పార్టీ నాయకుడి వెంట తిరిగేవాణ్ణి. నాటుబాంబులకు పురికొస చుట్టడం నా పని. పిరికివాణ్ణి కాబట్టి విసిరే పని ఎవరూ ఇవ్వలేదు.

ఉప్పాడ తీరం నుంచి ఒక జాలరి భార్యతో వచ్చి మా డ్యాం గట్టున గుడిసె వేసుకున్నాడు. సముద్రం ముందుకొచ్చి వాళ్ల ఇంటిని మింగేసింది. తుఫాన్లు వేళ తప్పాయి, చేపలు లోతుకు పోయాయి. అందుకే మంచినీటిలో చేపల వేట నేర్చుకుంటున్నాడు.

ఒక పొద్దున మా పార్టీవాడొకడితో అటు వెళ్తుంటే, ఆ గుడిసె ముందు బక్కెట్లో పురికొస చుట్టిన ఉండలు కనబడ్డాయి. ఎదుటి పార్టీవాళ్లు దాచారనుకున్నాను. బాంబు తడిస్తే పేలదని మాకందరికీ తెలుసు. బక్కెట్ ఎత్తి డ్యాంలోకి కుమ్మరించి, గట్టుకు ఇవతల బోర్లా పడుకున్నాను.

ఉండలన్నీ తేలి, గాలికి బాతుల్లా అవతలి గట్టుకు బయలుదేరాయి.

"అయ్యో, అవి వల బెండ్లండీ!" అంటూ జాలరి పరుగెత్తుకొచ్చాడు. "సముద్రం బెండ్లు ఇక్కడికి పెద్దవైపోతున్నాయని, చేపల పెట్టెల థర్మాకోల్ కోసి చుట్టుకున్నానండీ. అవి లేకపోతే వల మునిగిపోద్దండీ."

నా వెంట వచ్చినవాడు నవ్వాపుకోలేకపోయాడు. "ఏందప్పా, బెండ్లకు భయపడి పండుకున్యావా?"

ఆ జాలరి సముద్రాన్ని తప్పించుకుని ఇంత దూరం వచ్చి నాలాంటివాడి పాలబడ్డాడు. సిగ్గుతో పక్కన కూర్చుని, సాయంత్రం దాకా కొత్త బెండ్లకు పురికొస చుట్టాను.

"భలే గట్టిగా చుడుతున్నారండీ. ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని మెచ్చుకోలుగా అడిగాడు.

నేను తల వంచుకుని ఇంకో ఉండ అందుకున్నాను.